పట్వారీ దస్త్రం నుండి సమగ్ర వేదిక వరకు

వ్యక్తిగత గోప్యత అనేది తీరుబడి గల మధ్యతరగతివారి ముచ్చట అనీ, తిండికి లేనివాడికి దాచుకోవలసిన రహస్యం ఏముంటుందనీ అభ్యుదయవాదుల్లోనే కొందరు అంటూంటారు. ఈ అభిప్రాయం చారిత్రకంగా నిలవదని నా వాదన. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చరిత్ర ఇందుకు విరుద్ధమైన సాక్ష్యం చెబుతున్నది.

నిజాం రాజ్యంలో గ్రామం మీద పెత్తనం దొర గడీలోనూ పోలీసు పటేలు కర్రలోనూ మాత్రమే లేదు. పట్వారీ దస్త్రంలోనూ వుండేది. ఏ చెలక ఎవరి పేర వున్నదో, ఏ రైతు ఎంత శిస్తు బాకీయో ఆ దస్త్రమే చెప్పాలి. రైతుకు అక్షరం రాదు; పై కచేరీల భాష ఉర్దూ. తన గురించి ఏమి రాసి వున్నదో తనకే తెలియని మనిషికి ఆ రాతను కాదనే శక్తి ఎక్కడిది? నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో, పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకు సాగుచేసుకొంటున్న భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ హక్కు చెప్పినప్పుడు, ఆమె పంటకు కాగితం కాదు, సంఘం కాపలా కాసింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత పోరాటం ఊరూరికీ పాకింది. చాలాచోట్ల ప్రజలు దొరల ఇళ్లలోని అప్పుపత్రాలనూ పట్వారీల లెక్కలనూ తగలబెట్టారు. దానిని నేను మూర్ఖపు ఆవేశంగా చూడను. తమను బంధించిన సంకెల ఆ కాగితంలో వున్నదని వారికి తెలుసు.

అయితే కాగితం స్వతహాగా శత్రువు కాదు. 1950 కౌల్దారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల జాబితాలో పేరు ఎక్కినవాడికి ఆ రాతే ఆయుధమైంది. కనుక అసలు ప్రశ్న నమోదు వుండాలా వద్దా అన్నది కాదు. అది ఎవరి చేతిలో వున్నది, అందులో వున్నవాడు దానిని చూడగలడా, తప్పని చెప్పగలడా అన్నదే ప్రశ్న.

పటేల్ పట్వారీ వ్యవస్థ 1980ల నడుమ రద్దయింది. దస్త్రం మాత్రం పోలేదు, రూపం మార్చింది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. ఎక్కడెక్కడో పనులు చేసుకొంటున్నవారు బస్సులెక్కి సొంత ఊళ్లు చేరారు; ఆ రోజు ఇంట్లో లేకపోతే లెక్కలో లేకుండా పోతామన్న భయం వారిని నడిపించింది. ఆ తరువాత సమగ్ర వేదిక అనే కంప్యూటర్ ఏర్పాటు వచ్చింది. వేర్వేరు శాఖల దగ్గర వున్న వివరాలను, అనగా వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు మొదలైనవాటిని పేరు, చిరునామాల పోలికనుబట్టి ఒక మనిషికి జతచేయడం దాని పని. ఆ జతను లెక్కసూత్రమే నిర్ణయిస్తుంది. ఒకే పేరున్నవారు ఊరికి పదిమంది వుండే దేశంలో ఈ పోలిక ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు. కారు మొహం ఎరగని కుటుంబం కారు యజమానుల జాబితాలోకి ఎక్కింది. దాని రేషన్ కార్డు పోయింది.

ఇట్లా వివిధ కారణాలతో రద్దయిన కార్డులు సుమారు 19 లక్షలు. ముందుగా నోటీసు లేదు, కారణం చెప్పలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో ఆ కోర్టు కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని ఆదేశించింది. పరిశీలించిన దరఖాస్తుల్లో నూటికి ఏడుకు పైగా అర్హులవేనని తేలింది. నూటికి ఏడు అంటే యంత్రానికి చిన్న పొరపాటు కావచ్చు. ఆ ఏడిళ్లకు మాత్రం అది ఖాళీ గిన్నె. పట్వారీ తప్పు రాస్తే అతని గుమ్మం ముందు నిలబడి తగవుపడవచ్చు. లెక్కసూత్రానికి గుమ్మం ఎక్కడ?

చట్టం ఏమంటున్నది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో గాని రాలేదు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వున్నది, మంచిదే. కాని సబ్సిడీలు, పథకాల పేరున రాజ్యం విడిగా సమ్మతి అడగకుండానే వివరాలు వాడుకోవచ్చును. కేంద్రం కోరిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చును. యంత్రం చేసిన నిర్ణయానికి కారణం అడిగే హక్కు ఆ చట్టంలో లేదు. పైగా అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని సవరించి, ప్రజాప్రయోజనాన్నిబట్టి వ్యక్తిగత సమాచారం ఇవ్వడానికి ఆ సెక్షనులో వున్న వెసులుబాటును తీసివేసింది. 2006 నుండి మన పల్లెల్లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు హాజరుపట్టీని పదిమందిలో చదివే దొంగపేర్లను పట్టుకున్నాయి. గోప్యత పేదవాడికి రక్షణ కావలసిందిపోయి అధికారికి ముసుగు కారాదు.

ఇది మన ఒక్కరి గోడే కాదు. వేర్వేరు శాఖల వివరాలు కలిపి సంక్షేమ మోసగాళ్లను పసిగట్టే సిరి అనే ఏర్పాటును నెదర్లాండ్స్‌లో హేగ్ కోర్టు 2020 ఫిబ్రవరిలో కొట్టివేసింది. అది ఎలా పనిచేస్తుందో పౌరుడికి తెలియకపోవడం ఒక ముఖ్యకారణం. ఐరోపా సమాజం 2024లో కృత్రిమ మేధపై ప్రత్యేక చట్టమే చేసింది.

మనకు నమూనా కోసం అంతదూరం పోనవసరం లేదు. 2006 అటవీహక్కుల చట్టం ప్రకారం కొత్తగూడ, గంగారం, మహాముత్తారం అడవిపల్లెల కోయ రైతు తన క్లెయిమును గ్రామసభ ముందు పెడతాడు. కాగితం లేకపోతే ఊరి పెద్దల మాట కూడా సాక్ష్యమే. తిరస్కరిస్తే కారణం చెప్పాలి, అప్పీలుకు వీలుండాలి. అమలులో ఎన్ని లోపాలున్నా సూత్రం సరియైనది. కృత్రిమ మేధకూ ఇదే వర్తించాలి. కార్డు తీసేముందు నోటీసు రావాలి, కారణం తెలుగులో చెప్పాలి, ఊళ్లో విచారణ జరగాలి, సంతకం పెట్టే బాధ్యుడైన మనిషి వుండాలి. ఆ తరం దస్త్రాన్ని తగలబెట్టింది. ఈ దస్త్రం తగలబెడితే పోయేది కాదు. దానిని తెరిపించి, పదిమందిలో చదివించడమే మన తరం విద్యార్థులూ ఉపాధ్యాయులూ తలకెత్తుకోవలసిన పని.