కవచశకటములు - వాని పరీక్ష



నలుదిక్కుల ఇనుపరేకు మూసిన బండిలోనికి రేడియో తరంగములు చొరజాలవని పలువురు నమ్ముదురు. ఆ నమ్మకము కొంతవరకు నిజమే. ఎంతవరకు నిజమో కొలిచిచెప్పు పద్ధతి స్థిరపడుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను నేడు మీకు విన్నవించుచున్నాను.

1836వ సంవత్సరమున లండను నగరపు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పండితుడు పొడవు, వెడల్పు, ఎత్తు 12 అడుగులు గల గదినొకదానిని కట్టించెను. కొయ్యచట్రమునకు రాగితీగెలను, తగరపు రేకును చుట్టించి, దానికి బలమైన విద్యుత్తు నెక్కించెను. వెలుపల నిప్పురవ్వలు చిటపటలాడుచుండగా, తాను దీపములతోడను, విద్యుత్తును కనిపెట్టు సాధనములతోడను లోపల నుండెను. లోపల విద్యుత్ప్రభావ మావంతయు గానరాలేదు.

ఇరువదవ శతాబ్దమున సైన్యములు వాహనములలో రేడియోయంత్రములను నిలిపినప్పుడు క్రొత్త చిక్కు పుట్టెను. ఇంజనులో పెట్రోలును మండించు నిప్పురవ్వయే చిన్న ప్రసారిణివలె పనిచేసి, ప్రక్కనున్న రేడియోలో గరగర పుట్టించెను. ఆ తీగెలకు లోహపు తొడుగులు వేసి దాని నణచిరి. క్రమముగా యంత్రములకే గాక, అవియుండు గదికంతకును కవచము తొడుగ నారంభించిరి.

అట్టి గదులను పరీక్షించు విధానమును అమెరికా సైనికశాఖ 1956లో 285వ సంఖ్యగల ప్రమాణముగా ప్రకటించెను. అందలి కిటుకు సులభము. ప్రసారిణిని, గ్రాహకమును నిర్ణీతదూరమున ఎదురెదురుగా నుంచి, నడుమ గోడ లేకుండ చేరు బలమును మొదట కొలుతురు. పిమ్మట అంతే దూరమున, నడుమ గోడ యుండునట్లు మరల కొలుతురు. ఆ తగ్గుదలయే కవచబలము. దీనిని డెసిబెల్ అను మానమున చెప్పుదురు. 20 డెసిబెళ్లనగా క్షేత్రబలము పదియవ వంతైనదని యర్థము. 60 అనగా వేయవ వంతు. 100 అనగా లక్షవ వంతు.

ఈ కొలత యెంత యవసరమో 1962 జూలైలో లోకమునకు తెలిసినది. జాన్‌స్టన్ దీవి మీదుగా 400 కిలోమీటర్ల యెత్తున అమెరికావారు అణ్వస్త్రమును పేల్చగా, దాదాపు 1,400 కిలోమీటర్ల దూరమున హవాయిలో కొన్ని వీధిదీపము లారిపోయెను. ఆపత్కాలమున వార్తలు మోయవలసిన బండియే అట్టి తాకిడికి మూగవోయినచో, దానిని నమ్మినవారి గతి యేమి?

దళసరి గోడ యొక్కటియే చాలదు. కుండ యెంత గట్టిదైనను చిల్లి యున్నచో నీరు నిలువదు గదా! తలుపు అంచున గల సందు వెంట్రుకవాసి వెడల్పే యైనను, దాని పొడవు తరంగపు పొడవులో సగమునకు చేరువైనచో, తరంగమునకు త్రోవ యిచ్చును. 1000 మెగాహెర్ట్జ్ తరంగమునకు 15 సెంటీమీటర్ల సందు చాలును. వెలుపలినుండి వచ్చు తీగెయు తరంగమును లోనికి మోసికొనివచ్చును. పైగా బండి కదలునది. బాటల కుదుపులకు మరలు వదులగును. తలుపు చుట్టునుండు లోహపు పట్టీలు అరుగును, త్రుప్పుపట్టును.

కావున తలుపులు, కిటికీలు, తీగెలు చొచ్చు తావులు ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. అన్నిటిలో తక్కువగా వచ్చిన కొలతనే ఆ బండి బలముగా నెంచుట న్యాయమని నా యభిప్రాయము. క్రొత్తదిగా నున్ననాడు గెలిచిన పరీక్ష, పదేండ్లు బాటలపై తిరిగిన బండికి సాక్ష్యము కాజాలదు. మరల కొలువవలసినదే.