పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్పుకొన్నారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇంటి ద్వారం దాటితే ఇల్లే వస్తుంది. ఈ ద్వారాలు దాటినవారికి ముందు కనిపించేది మహారణ్యం. పడమటి దిక్కునుండి, అనగా కర్నూలు సీమనుండి, కన్నడ దేశమునుండి వచ్చే యాత్రికులు ఆత్మకూరు చేరి, వెంకటాపురం వద్ద నల్లమలలో ప్రవేశించేవారు. అక్కడినుండి మల్లికార్జునుని సన్నిధికి సుమారు 40 కిలోమీటర్ల కాలినడక. ఆ నడకలో కడపటి పగలు ఒకటున్నది. పెచ్చెరువు గట్టున తెల్లవారుజామున లేచి, చీకటి పడకుండా కొండమీదికి చేరుకోవలసిన పగలు అది. శ్రోతలకు ఈనాడు ఆ ఒక్క పగటి చరిత్రను మనవి చేస్తాను.

వెంకటాపురం దాటినవారికి మొదటి మజిలీ నాగలూటి. అక్కడ వీరభద్రుని ఆలయమున్నది. అది మొదలు రాతిమెట్ల వరుసలు అడవిలో అక్కడక్కడా కనిపిస్తాయి. నాగలూటి తరువాతి మజిలీ పెద్దచెరువు. జనుల నోట ఆ పేరు నలిగి పెచ్చెరువైనది. చుట్టూ కొండలు, నడుమ నీరు. ఎంతో దూరం రాళ్ళమీద నడిచి వచ్చినవాని కంటికి అంతకంటె చల్లని దృశ్యం వేరే అక్కరలేదు. పెచ్చెరువు దాటిన తరువాత దారి ఎక్కుతూ దిగుతూ పోయి, భీముని కొలను అనే లోతైన లోయలోకి జారుతుంది. ఇరువైపులా కొండ గోడవలె నిలుస్తుంది. దిగిన దిగుడంతా మరల ఎక్కవలసినదే. నిట్టనిలువుగా సాగే ఆ మెట్లు ముగిసేచోట నిలిచిన రాతి కట్టడానికి కైలాసద్వారమని పేరు. దినమంతా నడిచి అలసిన కాళ్ళకు ఆ చివరి ఎక్కుడు గొప్ప పరీక్ష.

ఈ యాత్ర ఎంత ప్రాచీనమో సాహిత్యమే సాక్ష్యం చెబుతున్నది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమునే రచించి, శివరాత్రికి శ్రీపర్వతమునకు పోయే జనసమూహాలను వర్ణించినాడు. ఆనాడు జనం పాడుకొనే పాటలలో పర్వత పదములనే రకమును కూడా ఆయన పేర్కొన్నాడు. కొండ ఎక్కేవానికి ఊపిరి ఎంత అవసరమో పాట కూడా అంత అవసరమని మనవారు ఏనాడో గుర్తించినారు.

తరువాతి కాలంలో రాజులు ఈ కొండకు సేవ చేసినారు. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానములు కట్టించినాడు. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపాన్ని నిర్మించినాడు. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ కొండపైనుండి కృష్ణకు దిగే మెట్లు కట్టించినది. ఈ పేర్లన్నీ మనకు తెలియడానికి కారణం ఒక్కటే. వారు చేసిన పనిని రాతిమీద చెక్కించినారు, కవులు కావ్యాలలో కీర్తించినారు.

అయితే, ఆ మెట్లు మాత్రమే యాత్రికుని కొండకు చేర్చినవా? ఒక్కమారు కాలమును తలచండి. శివరాత్రి మాఘమాసం చివర వస్తుంది. ఉగాది మరి నెల రోజులకు. నల్లమలలో ఆకు రాలే కాలమది. చిన్న వాగులు ఎండిపోతాయి, చెట్టునీడ పలుచబడుతుంది, పరచిన రాయి కాలుతుంది. వేలాది జనం ఆ దినాలలోనే నడవాలి. అట్టిచోట మెట్టు లేకపోతే రాళ్ళు పట్టుకొని ఎక్కవచ్చును. నీరు లేకపోతే అడుగు సాగదు. దారి పెచ్చెరువు మీదుగా, భీముని కొలను మీదుగా పోవడంలోని మర్మమిదే. నీరు ఎక్కడ నిలిచినదో యాత్రికుడు అక్కడ నిలిచినాడు; అదే మజిలీ అయినది.

ఆ నీటిజాడ ముందుగా తెలిసినవారు చెంచులు. వారి గూడేలు ఈ అడవిలో అనాదిగా ఉన్నవి. మల్లన్నను వారు తమ ఇంటి అల్లునిగా, చెంచు మల్లయ్యగా కొలుస్తారు. యాత్రికులకు దారి చూపడం, దొంగలనుండీ మృగాలనుండీ కాపాడడం వారి పని. అందుకు ప్రతిఫలంగా కొంత రుసుము పుచ్చుకొనే హక్కు వారికి ఉండేది.

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, ఈ దారినే ఆత్మకూరునుండి శ్రీశైలం చేరినాడు. ఆయన వ్రాసిన లేఖలు 1838లో కాశీయాత్ర చరిత్రగా వెలువడినవి. ఏ మజిలీలో నీటివసతి ఎట్లున్నది, బాట ఎట్లున్నది, ఏమి దొరుకును అన్న వివరాలను ఆయన శ్రద్ధగా వ్రాసుకొన్నాడు. కందనూరు నవాబు మనుష్యులు యాత్రికులవద్ద వసూలు చేసే సుంకాన్ని కూడా విడిచిపెట్టలేదు. పల్లకీలో పోయినవానికి సయితం నీరే మొదటి చింత అయినప్పుడు, దానిని మోసిన బోయీల సంగతి వేరుగా చెప్పవలెనా?

ఇరవయ్యవ శతాబ్ది నడుమ మోటారుదారి పడిన తరువాత కాలిబాట పలుచబడినది, కాని మాసిపోలేదు. నేటికీ శివరాత్రికి తెలుగువారు, ఉగాదికి కన్నడిగులు వేలసంఖ్యలో పెచ్చెరువు మీదుగా నడిచి వస్తారు. ఇప్పుడది పులుల అభయారణ్యం. పండుగ దినాలలోనే అటవీశాఖ దారి తెరుస్తుంది. ఆ కొద్ది దినాలలో అన్నదాతలు అడవిలో పందిళ్ళు వేసి, మంచినీరు, అన్నం పెడతారు.

భీముని కొలను ఎక్కి కైలాసద్వారం వద్ద కూలబడిన యాత్రికుడు మెట్లు కట్టించిన ప్రభువులను తలచుకోవడం న్యాయమే. ఆనాటి ఉదయం తన చెంబు నింపిన చెరువునూ, ఆ చెరువుకు తొలిత్రోవ చూపినవారినీ కూడా తలచుకొన్నప్పుడే ఆ దారి చరిత్ర పూర్తి అవుతుంది.