ఇంటి మురుగునీటి శుద్ధి: సెప్టిక్ ట్యాంకు చేసే పనెంత? గాలి పంపే ట్యాంకు చేసే పనెంత?

హైదరాబాద్ శివార్లలో వెలుస్తున్న కొత్త కాలనీల్లో రోడ్డు, కరెంటు ముందే వస్తున్నాయి. డ్రైనేజీ లైను రావడానికి మాత్రం ఏళ్లు పడుతోంది. అంతవరకు ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే గతి. అదే ప్లాటులో ఓ పక్క బోరు, మరో పక్క ట్యాంకు ఉంటాయి. ట్యాంకు కట్టేస్తే మురుగు సమస్య తీరినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ట్యాంకు నుంచి బయటికొచ్చే నీరు సగం మురుగే.

సెప్టిక్ ట్యాంకులో ఏం జరుగుతుంది?

మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్క వేస్తే, ఐదుగురున్న ఇంట్లో 675 లీటర్ల వాడకం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మురుగుగా మారుతుంది. ఆ నీరు ట్యాంకులో ఒకటి రెండు రోజులు నిలవాలి. అప్పుడు బరువైన మడ్డి అడుక్కి దిగుతుంది, నూనె జిడ్డు పైన తెట్టులా తేలుతుంది. మధ్యనున్న నీరు బయటికి పోతుంది. గాలి అవసరం లేని బ్యాక్టీరియా మడ్డిని మెల్లగా కుళ్లబెడుతుంది.

ఈ పద్ధతిలో మురుగులోని సేంద్రియ కాలుష్యం సుమారు మూడో వంతు నుంచి సగం వరకే తగ్గుతుంది. రోగకారక క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి. అందుకే ఆ నీటిని మోరీలోకి వదలకూడదు. ఇంకుడు గుంత ద్వారా నేలలోకి పంపితే మిగతా శుద్ధి మట్టి చేస్తుంది.

అయితే అన్ని నేలలూ ఈ పని చేయలేవు. నల్లరేగడిలో నీరు సరిగా ఇంకదు. రాతి నేలలో పగుళ్ల వెంట వడగట్టకుండానే కిందికి జారి బోరులో కలిసే ప్రమాదం ఉంది. ఇంకుడు గుంతకు, తాగునీటి బావి లేదా బోరుకు మధ్య కనీసం 15 నుంచి 18 మీటర్ల దూరం ఉండాలి. చిన్న ప్లాటులో అంత దూరం కుదరదు. పక్కింటి బోరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలాంటి చోట బోరు నీటిని బ్యాక్టీరియా, నైట్రేట్ పరీక్షలు చేయించాకే తాగాలి. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పసిపిల్లలకు ఎక్కువ ముప్పు.

గాలి పంపితే ఏం మారుతుంది?

ఇక్కడే ఏరేషన్ పద్ధతి పనికొస్తుంది. మొదటి అరలో మడ్డి దిగుతుంది. రెండో అరలోకి చిన్న బ్లోయర్ గాలి పంపుతుంది. అడుగునున్న డిఫ్యూజర్ ఆ గాలిని సన్నని బుడగలుగా వదులుతుంది. ఆక్సిజన్ దొరికిన బ్యాక్టీరియా మురుగును వేగంగా తినేస్తుంది. మూడో అరలో నీరు తేరుకుంటుంది. చివర క్లోరిన్ కలిపి క్రిములను చంపుతారు. ఈ నీరు మొక్కలకు, ఫ్లష్‌కు పనికొస్తుంది, తాగడానికి మాత్రం కాదు.

జపాన్‌లో డ్రైనేజీ లేని ఇళ్లకు ఇలాంటి ‘జోకాసో’ ట్యాంకులు వాడతారు. వాటి కోసం 1983లో ప్రత్యేక చట్టమే చేశారు. ఏటా తనిఖీ తప్పనిసరి. ఆ తనిఖీ ఎందుకంటే, ఈ యంత్రం బిగించి వదిలేసేది కాదు. కొన్ని గంటల కరెంటు కోతతో నష్టమేమీ లేదు గానీ, బిల్లు తగ్గుతుందని రోజుల తరబడి బ్లోయర్ ఆపేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కంపు మొదలైతే బ్లోయర్ ఆగిందేమో ముందు చూసుకోవాలి. యాసిడ్, ఫినాయిల్ అతిగా పోసినా ఇదే నష్టం.

వజూ నీరు, శుద్ధి చేసిన నీరు

మసీదుల్లో వజూ నీటిని టాయిలెట్ మురుగులో కలపకుండా వేరే పైపు వేస్తే, తేలికపాటి వడపోతతోనే మొక్కలకు వాడుకోవచ్చు. ఇక శుద్ధి చేసిన మురుగునీరు పాక్ అవుతుందా అనే ప్రశ్నకు సౌదీ అరేబియా ఉలమాల మండలి 1978లో ఫత్వా ఇచ్చింది. రంగు, రుచి, వాసన పూర్తిగా పోయి, ఆరోగ్యానికి హాని లేకపోతే ఆ నీరు పాకేనన్నది దాని సారాంశం. ఇంట్లో చిన్న ట్యాంకు నుంచి వచ్చే నీరు ఆ స్థాయికి చేరుతుందని అనుకోకూడదు. మొక్కల వరకే మంచిది.

మనిషిని దించవద్దు

ఏ పద్ధతిలోనైనా మడ్డి పేరుకుంటుంది. రెండు మూడేళ్లకోసారి, లేదా మడ్డి ట్యాంకు లోతులో మూడో వంతుకు చేరగానే తీయించాలి. వాక్యూమ్ ట్యాంకర్ కోసం 14420 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. తీసిన మడ్డి చెరువులోకో ఖాళీ ప్లాటులోకో కాకుండా శుద్ధి కేంద్రానికే వెళ్తోందా అని అడగండి.

ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. దిగినవాడు క్షణాల్లో పడిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పోతాడు. అందుకే ఎవరైనా పడిపోతే వెంట దిగకుండా 101, 108కి ఫోన్ చేయాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో 30 లక్షల రూపాయలకు పెంచింది. ట్యాంకర్ ఖర్చుకు వెనకాడి, ‘ఒక్క మనిషి చాలు, దిగి తీసేస్తాడు’ అనే మేస్త్రీ మాట మాత్రం వినకండి.