శోధనకు ఎదురుమాట: ఏవాగ్రియస్ పోంటికస్

ఏవాగ్రియస్ పోంటికస్ (సుమారు 345–399) ఈజిప్టు ఎడారిలో బతికిన క్రైస్తవ సన్యాసి, గ్రీకు రచయిత. శోధన మనసులోకి ఎలా చొరబడుతుందో, దానికి ఏమని బదులు చెప్పాలో నాలుగో శతాబ్దపు ఎడారి పితరుల్లో ఇంత వివరంగా రాసినవాడు మరొకడు కనిపించడు. ఈ విషయంలో అతని ముఖ్య రచనలు రెండు: ‘ప్రాక్టికోస్’, ‘అంతిర్రెటికోస్’. రెండోదాన్ని తెలుగులో ‘ఎదురుమాట’ అనవచ్చు.

నల్లసముద్రం దక్షిణ తీరాన, నేటి తుర్కియేలో ఉన్న పోంటస్ ప్రాంతం అతనిది. పుట్టిన ఊరు ఇబోరా. బిషప్ బాసిల్ అతన్ని వాక్యపఠకుడిగా నియమించాడు, నజియాంజస్ గ్రెగొరీ డీకన్‌ను చేశాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో మతవాదాల్లో దిట్ట అనిపించుకుంటున్న రోజుల్లోనే పెద్దింటి ఇల్లాలొకామె మీద మనసు పడ్డాడు. తనను సంకెళ్ళు వేసి చెరలో పెట్టినట్టు కలగన్నాడనీ, ఊరు విడిచి వెళ్తానని ఆ కలలోనే సువార్త గ్రంథం మీద ఒట్టు వేశాడనీ శిష్యుడు పల్లాడియస్ రాశాడు. కలలో వేసినా ఒట్టు ఒట్టే అనుకొని మర్నాడు సామాను ఓడకెక్కించాడట. తీరా జెరూసలేం చేరాక మళ్ళీ మంచి బట్టల మీదికీ పొగడ్తల మీదికీ మనసు పోయింది. వైద్యులకు అంతుపట్టని జ్వరం నెలల తరబడి పీడించింది. అక్కడ మఠం నడుపుతున్న మెలానియా గుచ్చి గుచ్చి అడిగి అసలు సంగతి రాబట్టింది. సన్యాసం తీసుకుంటానని ఆమెకు మాటిచ్చాకే మంచం దిగాడు. ఊరు మారితే శోధన వదలదన్న పాఠం అతనికి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

383 ప్రాంతంలో ఈజిప్టు చేరి నిట్రియాలో రెండేళ్ళు, అలెగ్జాండ్రియాకు దక్షిణాన ఉన్న కెల్లియా ఎడారిలో చనిపోయేదాకా సుమారు పద్నాలుగేళ్ళు ఉన్నాడు. పుస్తకాలకు నకళ్ళు రాసి పొట్టపోసుకున్నాడు. తర్వాత ఇసుకలో కలిసిపోయిన కెల్లియా చోటును 1964లో ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గియోమోఁ గుర్తించాడు. ఏవాగ్రియస్ రచనలను పరిష్కరించి ప్రచురించినవాళ్ళలోనూ ఆయన ముఖ్యుడు.

ఏవాగ్రియస్ పద్ధతికి మూలం మత్తయి సువార్త 4వ అధ్యాయం. తెలుగునాట కూడా చాలా సంఘాల్లో శ్రమల కాలపు మొదటి ఆదివారం చదివేది ఈ ఘట్టాన్నే. నలభై దినాల ఉపవాసం తర్వాత యేసు అపవాదితో వాదం పెట్టుకోలేదు. మూడు ప్రలోభాలకూ ద్వితీయోపదేశకాండం నుంచి ఒక్కో మాట చెప్పి ఊరుకున్నాడు. దేవాలయ శిఖరం దగ్గర అపవాది సైతం 91వ కీర్తన వల్లించాడు కాబట్టి వాక్యం నోటికి వస్తే చాలదు, ఏ తలపుకు ఏది సరిపడుతుందో తెలియాలి. ఆ జాబితా కావాలని లూకియోస్ అనే సన్యాసి అడిగితే రాసినదే ‘అంతిర్రెటికోస్’. ఎనిమిది భాగాలు, దాదాపు ఐదు వందల పద్దులు. ప్రతి పద్దులోనూ ముందు ఫలానా తలపు, వెంటనే దానికి సరిపడే బైబిల్ వచనం. కొన్ని బదుళ్ళు దయ్యానికి, కొన్ని దేవునికి, కొన్ని తన ప్రాణానికే. కథలా చదివే పుస్తకం కాదు, మందుల పెట్టెలా అవసరానికి తెరిచి చూసుకునేది.

ఆ ఎనిమిది తలపులు తిండి, మోహం, ధనాపేక్ష, దుఃఖం, కోపం, విసుగు, కీర్తికాంక్ష, గర్వం. వీటిని అతను పాపాలు అనలేదు. తలపు రావడం మన చేతిలో లేదు, వచ్చినదాన్ని కూర్చోబెట్టుకోవాలా వద్దా అన్నదే మన చేతిలో ఉంది అంటాడు. తలపులు చుట్టుముడుతున్నాయని మొరపెట్టుకున్న ఒకడిని పోయిమెన్ అనే పెద్ద బయటికి తీసుకెళ్ళి, ఒడి పట్టి గాలిని ఆపమన్న కథ కూడా ఆ ఎడారిదే. గాలిని ఆపలేవు, తలపులనూ అంతే, నీ పని వాటిని ఎదిరించడం అన్నాడట పోయిమెన్.

ఏవాగ్రియస్ చూపు ఎంత సూక్ష్మమో ‘ప్రాక్టికోస్’లో తెలుస్తుంది. తిండి తలపు విందు భోజనాన్ని చూపించదు, భయపెడుతుంది. ఇలా ఉపవాసాలుంటే కాలేయం, ప్లీహం చెడిపోతాయి, జబ్బు చేస్తే ఇక్కడ వైద్యుడు కూడా దొరకడు అంటుంది. ధనాపేక్షా అంతే. ముసలితనం, పని చేయలేని చేతులు, కరువు, ఒకరి ముందు చేయి చాపాల్సిన సిగ్గు గుర్తుచేస్తుంది. చదువుతుంటే ఇది దురాశేనా, ముందుచూపా అన్న సందేహం రాక మానదు. శోధన తరచూ ఇంగితజ్ఞానం వేషంలో వస్తుందని అతని అనుభవం.

అన్నిటికన్నా బరువైనది విసుగు. గ్రీకులో అకేడియా. 91వ కీర్తన గ్రీకు పాఠంలోని మాట పట్టుకొని దీన్ని ‘మధ్యాహ్నపు దయ్యం’ అన్నాడు. ఉదయం పదింటికి పట్టుకుంటుంది, రెండింటిదాకా వదలదు. సూర్యుడు కదలనట్టే ఉంటాడు, పగలు యాభై గంటలు ఉన్నట్టు తోస్తుంది. మూడింటి భోజనానికి ఇంకా ఎంతుందోనని సన్యాసి కిటికీలోంచి పొద్దు చూస్తాడు, పలకరించేవాడు ఎవడైనా వస్తాడేమోనని అటూ ఇటూ చూస్తాడు. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద రోత పుడుతుంది. ఇక్కడివాళ్ళలో ప్రేమ చచ్చిపోయింది అనిపిస్తుంది. ఇంకోచోటైతే పని తేలిక, దేవుడు అక్కడా ఉంటాడుగా అనిపిస్తుంది. ఇంటివాళ్ళు గుర్తొస్తారు. గది విడిచి పారిపోయేలా చేయడమే ఆ దయ్యం పని. ఆ గడియలో ఎంత మంచి సాకు దొరికినా గడప దాటవద్దు అంటాడు ఏవాగ్రియస్. ఏడ్చే ప్రాణాన్ని రెండుగా చేసి, ఒక సగం చేత రెండో సగాన్ని 42వ కీర్తన మాటలతో ఓదార్పించమంటాడు.

వచనాలొక్కటే మందు కాదు. చెదిరే మనసుకు చదువు, జాగరణ, ప్రార్థన. రగిలే మోహానికి ఆకలి, శ్రమ, ఏకాంతం. ఉడికే కోపానికి కీర్తనలు, ఓర్పు, కరుణ. పగ పట్టినవాడికి ఏదైనా బహుమతి పంపమని కూడా అంటాడు, ఏశావుకు యాకోబు పంపినట్టు. ముల్లును ముల్లుతో తీసినట్టు మోహాన్ని కీర్తికాంక్షతో తరమవచ్చన్నాడు, పరువు గుర్తొచ్చినవాడు వెనక్కి తగ్గుతాడని. ఇలాంటి చిట్కా ఒక సన్యాసి చెప్పడం కొందరికి మింగుడుపడదు గానీ, దానికన్నా పై మెట్టు ఉందని అతనే చెప్పాడు.

ఎనిమిది తలపులను జాన్ కాసియన్ అనే సన్యాసి లాటిన్ లోకానికి అందించాడు. ఆరో శతాబ్దం చివర పోప్ మహా గ్రెగొరీ వాటిని మార్చాడు. అసూయను చేర్చి, విసుగును దుఃఖంలో కలిపి, గర్వాన్ని అన్నిటికీ వేరుగా పెట్టి ఏడుగా లెక్కగట్టాడు. సప్త ఘోరపాపాల పట్టిక అలా పుట్టింది. గుర్తుపెట్టుకోవడం తేలికైంది గానీ, తలపుకూ తప్పుకూ నడుమ ఏవాగ్రియస్ గీసిన గీత చెరిగిపోయింది. మోహం కలగడమే పాపమని కుమిలిపోయే విశ్వాసి ఆ నష్టానికి మూల్యం చెల్లించాడు.

ఏవాగ్రియస్‌కు తన సంఘం నుంచే దెబ్బ తగిలింది. ఆత్మలు శరీరాలకు ముందే ఉన్నాయన్న, పూర్వ వేదాంతి ఓరిజెన్ మార్గపు ఊహలకు గాను 553లో కాన్‌స్టాంటినోపుల్ రెండో మహాసభ కాలంలో అతని బోధ ఖండనకు గురైంది. ‘అంతిర్రెటికోస్’ గ్రీకు మూలం పోయింది, సిరియాక్, ఆర్మేనియన్ వంటి అనువాదాలే మిగిలాయి. ప్రార్థన మీద అతను రాసిన పుస్తకం మాత్రం నీలుస్ అనే మరో సన్యాసి పేరుతో చేతులు మారుతూ, అతన్ని ఖండించిన సంఘాల మఠాల్లోనే శతాబ్దాల పాటు భక్తిపాఠంగా నిలిచింది.