గోదావరి మోసుకొచ్చిన ఇళ్లు

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పాత మండువా లోగిలిలో అడుగుపెడితే ముందుగా కనిపించేది కలప. మండువా చుట్టూ టేకు స్తంభాలు, వాటిపై దూలాలు, ఆపైన వాసాలు, పెంకు. లోపలి కప్పు బరువంతా ఆ కొయ్యలపైనే. ఇంగ్లండు పల్లెల్లో ఓక్ చట్రం మధ్య తడిక అల్లి మట్టి మెత్తిన ఇళ్లదీ ఇదే సూత్రం: మోసేది కొయ్య, మూసేది మట్టి.

ఇంటి నడుమ ఆరుబయలైన మండువా వైపు నాలుగు పక్కల కప్పూ వాలుతుంది. వాన నీరు మండువాలో పడి, తూము గుండా బయటికి పోతుంది. గాలీ వెలుతురూ అక్కడి నుంచే.

ఆ టేకు ఎక్కడిది? ఎగువ గోదావరి అడవుల్లో నరికిన దుంగలను తెప్పలుగా కట్టి, ప్రవాహం వెంట రాజమండ్రికి దించేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలకు నీరు, పడవలకు దారి ఇచ్చాయి. వరి పంట తెచ్చిన కలిమి లోగిళ్లయి నిలిచింది. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల కర్మాగారం పెట్టింది; క్రమంగా నాటు పెంకు పక్కన అలాంటి బంగళా పెంకు చేరింది.

కొల్లేరు సరస్సు లంకల్లో కథ వేరు. బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగితే సరస్సు ఊళ్లను చుట్టుముడుతుంది. నీరు పోయే దారి ఉప్పుటేరే. అందుకే అక్కడ ఒకప్పుడు మెరక మీద మట్టిగోడలు, తాటి దూలాలు, తాటాకు కప్పు ఉండేవి.

లోగిలిని కూల్చక తప్పనివారు, ముందుగా దాని కొలతలు రాసి, ఫొటోలు తీసి దాచండి.