అడుగులకు అరిసెలు, మరి మూతలకు?

కింద చూసుకుని నడవండి. గుమ్మం దగ్గర అప్పడాల కర్ర ఉంది, తలుపు వెనక రెండు బంగాళాదుంపలు, సోఫా కింద ఇడ్లీ రేకు. మీరు కూర్చోబోతున్న కుర్చీలో తడిగుడ్డ ఉంది, దాన్ని పక్కన పడేయకండి. ఆవిడ ఇల్లు తుడుస్తున్న గుడ్డ అది. మధ్యలో వేరే పని తగిలి వెళ్ళింది, మళ్ళీ వస్తుంది.

రాజమండ్రి దానవాయిపేటలో మేడమీద వాటా. ఆదివారం, ఉదయం ఏడు. ఆవిడంటే మా బుజ్జమ్మ, ఇరవై నెలలు. తెల్లారకుండానే లేచి, రెండు అరచేతులతో నా బుగ్గలు వాయించి, వేళ్ళతో నా కంటిరెప్పలు పైకెత్తి, లోపల అమ్మ ఉందో లేదో చూసుకుని డ్యూటీ ఎక్కింది. వాళ్ళ నాన్న ఇంకా లేవలేదు. ఆయన పొట్టమీద ఒక గరిటె, ఒక ఖాళీ గిన్నె ఉన్నాయి చూడండి, అది ఆయనకి కాఫీ.

వంటింట్లోకి రండి. గట్టు కింద అర ఆవిడకి రాసిచ్చేశాం. గాజు సీసాలు, కత్తిపీట పైకెక్కాయి. స్టీలు డబ్బాలు, గ్లాసులు, చిల్లుల గరిటె కిందికి దిగాయి. ఇప్పుడు ఆవిడ ముందు మూడు డబ్బాలు, మూడు మూతలు ఉన్నాయి. చప్పుడు చేయకుండా నా పక్కన కూర్చోండి.

పెద్ద మూత తీసి చిన్న డబ్బా మీద పెట్టింది. జారిపోయింది. మూత తిరగేసి పెట్టింది. అదీ జారింది. లోపం లోపలుందేమోనని డబ్బాలోకి తల దూర్చి చూసింది, పనిలోపనిగా లోపలికి ఒక కేక కూడా వేసింది. నాలిక కొస పళ్ళ మధ్యకొచ్చింది. కింది పెదవి మీంచి చొంగ బొట్టు సాగి సాగి డబ్బా అంచు మీద పడితే, దాన్ని చూపుడువేలితో అంచు చుట్టూ శ్రద్ధగా పూసింది. అప్పుడు చిన్న మూత చేతికొచ్చింది. ఒక పక్క కూర్చుంది, రెండో పక్క లేచి నుంచుంది. అరచేత్తో ఒక్క దెబ్బ వేసింది. టప్!

ఆ మొహం చూడండి. ఇంకా నవ్వలేదు. ముందు నావైపు, తర్వాత మీవైపు, తర్వాత గోడమీద బల్లివైపు చూసింది. సాక్షులు సరిపోయారనుకున్నాక అప్పుడు నవ్వు. ఉన్న పళ్ళన్నీ బయటికొచ్చాయి. వెంటనే మూత పీకేసి, డబ్బా నా ఒళ్ళోకి తోసి, "మయ్యీ" అంది. మళ్ళీ అన్నమాట.

నేను హైస్కూల్లో టీచర్ని. బీఈడీలో పియాజే అని ఒక స్విట్జర్లాండ్ పెద్దమనిషిని బిట్ల కోసం బట్టీపట్టాం. పుట్టుక నుంచి రెండేళ్ళదాకా ఇంద్రియ చాలక దశ, ఒక మార్కు. ఆయన తన ముగ్గురు పిల్లల్నే పక్కన కూర్చుని గమనిస్తూ రాసుకుని, 1936లో పుస్తకం వేశాడు. చేతిలో వస్తువుని ఒకసారి ఇలా, ఒకసారి అలా వదిలి, ఎక్కడ పడుతుందో చూసుకునే పసివాడు అందులో ఉన్నాడు. మా బుజ్జమ్మ కుర్చీ మీంచి, మంచం మీంచి, నాన్నమ్మ భుజం మీంచి చెంచా పడేసి తొంగి చూస్తున్నప్పుడల్లా, ఆ పియాజే ఇంట్లో పడినవన్నీ ఎవరు ఏరేవారో అని నాకు అనుమానం.

మూత పట్టిన కబురు హాల్లోకి వేశాను. చేటలో బియ్యం ఏరుకుంటున్న మా అత్తయ్య తలెత్తకుండానే, "అయితే ఏం వండమంటావే అమ్మా?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. మన పెద్దవాళ్ళు పిల్లల ఎదుగుదలకి ఓ మెనూ రాసిపెట్టారు కదా. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు, పలికితే పంచదార చిలకలు. అన్నీ చేశాం, పంచాం. అరిసెల రోజైతే ఇల్లంతా చుట్టాలు. డాలస్ నుంచి మా మరిది వీడియో కాల్లో, పెద్దాడపడుచు ఫోను పట్టుకుని మంచం ఎక్కి నిలబడి. బుజ్జమ్మ అరిసెల మీద రెండడుగులు వేసి, మూడో అరిసె తీసుకుని అక్కడే కూర్చుని తినేసింది. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు పిల్ల అడుగుల కంటే పాకం ముదిరిందన్న బెంగే ఎక్కువ.

ఆ మెనూలో ఉన్నవన్నీ మొదటిసారికే. మొదటి నవ్వుకి, మొదటి అడుగుకి. నూరోసారికి ఎవరూ ఏమీ వండరు. నాకు మాత్రం ఆ నూరోసారే ముద్దు. చుట్టాలు వెళ్ళిపోయి, ఫోనెక్కడో పడేసి, కాళ్ళు బారచాపుకుని కూర్చున్నప్పుడు ఆ టప్ మని పడే మూత.

"మూతకి మైసూర్‌పాక్ అనుకో పోనీ," అన్నారు అత్తయ్య కాసేపాగి. "ప్రాస కుదిరింది. కొట్టు నుంచే తెప్పించు, చేసే ఓపిక నాకు లేదు."

స్నానం సంగతి వదిలేద్దాం. సున్నిపిండి గోడలకి అంటింది, చాలు.

అన్నం వేళకి మేడమీది వసారాలో కూర్చుందాం. మెత్తగా పిసికిన అన్నం, ముద్దపప్పు, పైన నెయ్యి. పిట్టగోడ మీద కాకి అప్పుడే హాజరు. ఒక ముద్ద ఆవిడకి, ఒకటి కాకికి, ఒకటి నాకు. ఈ వరస తప్పడానికి వీల్లేదు. నాకు పెట్టే ముద్ద ముందు ఆవిడ నోట్లోకి వెళ్ళి, రుచి చూడబడి, బయటికొస్తుంది. మీకూ పెడుతోంది, నోరు తెరవండి. మొహమాటపడ్డారంటే ముక్కులో కూరుతుంది.

ఇక సాయంత్రం. గోదావరి గట్టుకి వెళ్ళాలంటే అరగంట ముందు చెప్పులు మొదలుపెట్టాలి. కీకీమనే ఎర్ర చెప్పులు, ఎవరూ సాయం పట్టకూడదు. ఎడమది కుడికాలికి దూర్చింది. పట్టలేదు. కాలు మార్చకుండా చెప్పు మార్చింది, తర్వాత చెప్పు మార్చకుండా కాలు మార్చింది. మీ చెయ్యి ముందుకెళ్తోంది, వెనక్కి తీసుకోండి. నిన్న వాళ్ళ నాన్న తొందరపడి తొడిగేస్తే, రెండూ విప్పి మొదటికొచ్చింది.

స్కూటర్ మీద ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంది. గట్టు చేరేసరికి పొద్దు కొవ్వూరు వైపు దిగుతోంది. అటు చూడండి, కమానుల వంతెన. పక్కన బోసిగా ఉన్నది హేవలాక్ వంతెన. దాదాపు నూరేళ్ళు బళ్ళు నడిచి, 1997లో ఆగిపోయాయి. మా అత్తయ్య కాపురానికొచ్చింది ఆ పాతదాని మీంచే. మనవరాలికి ఆ కబురు చెప్పబోతే, ఆవిడ గట్టు మీద చీమ వెనకాల పోయింది.

అవతల ఒడ్డున కూత. చీమని వదిలేసింది. నిటారుగా నిలబడి, చూపుడువేలు వంతెన వైపు చాచి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇంజను కమానుల మధ్యకొచ్చింది, తర్వాత పెట్టెలు. ఆ ఊపుకి వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుని చెయ్యి టాటా అయిపోయింది. బండిలో ఎవరో చెయ్యూపారో లేదో ఇంతదూరం నుంచి కనిపించదు. ఆవిడకి అక్కర్లేదు కూడా. చివరి పెట్టె ఊళ్ళోకి వెళ్ళిపోయాక కూడా చెయ్యి ఊగుతూనే ఉంది. తర్వాత ఖాళీ వంతెనని చూసి, నా చీర కుచ్చిళ్ళు పట్టి లాగి, "మయ్యీ" అంది.

చెంచా అయితే ఏరిస్తాను, మూతయితే పీకిస్తాను, ముద్దయితే ఇంకోటి కలుపుతాను. బండి నా చేతిలో లేదు. కూర్చోండి, ఎదురుచూద్దాం. మీరెప్పుడైనా చంటిపిల్లలతో రాజమండ్రి వస్తే సాయంత్రం ఈ గట్టుకి తీసుకురండి. టైంటేబుల్ చూసుకోనక్కర్లేదు. ఇది హౌరా–చెన్నై మెయిన్ లైను. గూడ్సయినా సరే, ఇంకోటి వస్తుంది.