పౌరసత్వానికి రంగు పరీక్ష

అమెరికా పౌరసత్వం ఎవరికివ్వాలో తేల్చిన తొలి చట్టం 1790 మార్చి 26న వచ్చింది. రెండేళ్లు ఆ దేశంలో ఉండి ఉండాలి, నడవడి మంచిదై ఉండాలి, స్వేచ్ఛగల తెల్లజాతి మనిషై ఉండాలి. మొదటి రెండు షరతులూ మనిషి చేతిలోవి. మూడోది పుట్టుకతో వచ్చేది. మనుషులందరూ సమానంగా పుట్టారని 1776లో లోకానికి చాటిన దేశం పద్నాలుగేళ్లకే పెట్టుకున్న షరతు ఇది. ఏదో ఒక రూపంలో 1952 దాకా, అంటే 162 ఏళ్లు, అది బతికింది.

అంతర్యుద్ధం తర్వాత దీన్ని తుడిచేసే అవకాశం ఒకటి వచ్చింది. 1870లో చట్టం మార్పు చర్చకు వచ్చినప్పుడు సెనెటర్ చార్లెస్ సమ్నర్ 'తెల్ల' అన్న మాటనే కొట్టేయమన్నాడు. అలా చేస్తే చైనావాళ్లు పౌరులైపోతారని పశ్చిమ రాష్ట్రాల సభ్యులు అడ్డుపడ్డారు. చివరికి ఆఫ్రికా సంతతివారిని మాత్రం చేర్చి, ఆసియావాళ్లను బయటే ఉంచారు.

ఆ చైనావాళ్లే అప్పటికి ఏడాది ముందు పూర్తయిన ఖండాంతర రైలుమార్గం కోసం సియెరా నెవాడా కొండల్ని తొలిచారు. పని తీరింది, మాంద్యం వచ్చింది, కూలి రేట్లు పడిపోయాయి. నింద వాళ్లమీద పడింది. 1882లో చైనా కూలీల రాకనే నిషేధిస్తూ చట్టం చేశారు. 1885 సెప్టెంబరులో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో తెల్లజాతి గని కార్మికులు కనీసం 28 మంది చైనా కార్మికుల్ని చంపి, వాళ్ల ఇళ్లు తగలబెట్టారు. ఒక్కరికీ శిక్ష పడలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో తీరాన ఏంజెల్ ఐలాండ్‌లో 1910 నుంచి 1940 దాకా వలస కేంద్రం నడిచింది. అమెరికాలో ఉన్న తండ్రి దగ్గరికి చైనా నుంచి వచ్చిన కుర్రాణ్ణి, నిజంగా కొడుకేనా అని తేల్చడానికి అక్కడి అధికారులు అడిగే ప్రశ్నలు ఇలా ఉండేవి: మీ ఊళ్లో మీ ఇంటికి మెట్లెన్ని? మీ వరసలో మూడో ఇల్లు ఎవరిది? బియ్యం డబ్బా ఏ మూల పెడతారు? తండ్రి చెప్పిన జవాబుతో కొడుకు జవాబు కలవకపోతే తిరుగు ఓడ ఎక్కించవచ్చు. నిర్బంధంలో వారాలు, నెలలు గడిపినవాళ్లు బారకాసుల చెక్కగోడలమీద చైనా భాషలో పద్యాలు చెక్కారు. ఇప్పటికీ ఉన్నాయి.

ఇక మన దేశస్థుల సంగతి. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కర్రమిల్లుల్లో పనిచేసే భారతీయుల్ని, ముఖ్యంగా సిక్కుల్ని, అల్లరిమూక కొట్టి ఊరు దాటించింది. 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసను మూసేసింది. అప్పటికే వచ్చి ఉన్నవాళ్లు కోర్టుకెక్కారు. జపాన్‌లో పుట్టిన తకావో ఒజావా తన జాతివాళ్ల చర్మం తెల్లదేనని వాదించాడు. రంగు కాదు, కాకేసియన్ జాతి అయితేనే తెల్లవాడని 1922 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్, తాను అగ్రకులపు ఆర్యుణ్ణని, కాబట్టి కాకేసియన్‌నేనని వాదించాడు. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరి 19న, అదే కోర్టు మాట మార్చింది. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి దృష్టిలో ఇతను తెల్లవాడు కాదంది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్.

ఆ తీర్పు వైష్ణోదాస్ బగాయ్ ప్రాణం తీసింది. పెషావర్ నుంచి 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం పెట్టుకున్న మనిషి ఆయన. బర్క్‌లీలో కొనుక్కున్న ఇంటికి సామాన్లతో వెళితే, ఇరుగుపొరుగు ఆ ఇంటికి తాళాలు బిగించి అడుగు పెట్టనివ్వలేదు. 1921లో వచ్చిన పౌరసత్వం థిండ్ తీర్పుతో పోయింది. పౌరసత్వానికి అనర్హులైనవారికి కాలిఫోర్నియాలో స్థిరాస్తి హక్కు ఉండేది కాదు. అదీ పోయింది. భారతదేశం వెళ్లాలంటే తాను ఎదిరించిన బ్రిటిష్ ప్రభుత్వపు పాస్‌పోర్టుతో వెళ్లమన్నారు. 1928లో పత్రికకు ఉత్తరం రాసి ఆత్మహత్య చేసుకున్నాడు.

థిండ్ తీర్పు వచ్చిన కాలంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. కండరాల శక్తి గుట్టు విప్పడంలో, ఫోలిక్ ఆమ్లం తయారీలో, బోదకాలు మందులో ఆయన చేయి ఉంది. ఆ దేశానికి ఇంత ఇచ్చిన మనిషి 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

తలుపు తెరుచుకునే ముందు ఇంకా బిగిసింది. 1924 చట్టం దేశాలవారీ కోటాలకు 1890 జనాభా లెక్కల్ని కొలబద్దగా పెట్టి దక్షిణ, తూర్పు ఐరోపావాళ్లను కూడా అడ్డుకుంది. తర్వాత తలుపు మెల్లగా తెరుచుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశమైన చైనాకు 1943లో ఏడాదికి 105 మంది కోటా దక్కింది. 1946లో భారత్‌కు 100 మంది కోటా, దాంతోపాటు భారతీయులకు పౌరసత్వ హక్కు దక్కాయి. 1952లో రంగు షరతు పూర్తిగా పోయింది. దేశాలవారీ కోటా మాత్రం మిగిలింది.

ఆ కోటాను కదిలించింది నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం. కుక్కలకూ, లాఠీలకూ, జైళ్లకూ వెరవకుండా వాళ్లు నడిచిన ఫలితంగా 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చాయి. ఆ ఊపులోనే 1965 అక్టోబరు 3న స్వేచ్ఛాదేవి విగ్రహం పాదాల దగ్గర అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టంపై సంతకం పెట్టాడు. చదువుకీ, నైపుణ్యానికీ, కుటుంబ బంధానికీ విలువ వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో వెళ్లింది ఆ తర్వాతే. పుట్టిన దేశాన్ని బట్టి వరస కట్టడం మాత్రం పూర్తిగా పోలేదు. పరిమితి ఉన్న గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమంవల్ల ఈనాడు లక్షలమంది భారతీయులు వాటికోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తున్నారు.

ఈ చరిత్ర ఒక సంగతి తేల్చి చెబుతుంది. 'మేమూ మీలాంటి పైజాతివాళ్లమే' అని రంగు గీత లోపలికి దూరబోయినవాళ్లు ఓడిపోయారు. గీతే తప్పని నిలబడినవాళ్లు అందరికీ దారి వేశారు. ఆ దారిన నడిచి వెళ్లిన మనం నల్లవాళ్లను, మెక్సికోవాళ్లను ఇళ్లలో, విందుల్లో తక్కువచేసి మాట్లాడటం కృతఘ్నత. కులాన్ని విమానం ఎక్కించి తీసుకెళ్లడం అంతకన్నా పెద్ద తప్పు. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులారా, వాళ్లకు ఈ కథ చెప్పండి. ఎవరి పోరాటం వల్ల మనం అక్కడ ఉన్నామో పిల్లలకు తెలియాలి.